పాత రాక్ గిటార్ సౌండ్ కావాలా? ముందు మీ యాంప్ సంగతి చూడండి

పాతకాలపు రాక్ గిటార్ సౌండ్ రావాలంటే ఏ పెడల్ (గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ, అంటే యాంప్‌కీ, మధ్య పెట్టి కాలితో నొక్కే డబ్బా) కొనాలని ఎవరిని అడిగినా మొదట వినిపించే పేరు ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్. ఆ ఆకుపచ్చ డబ్బా మార్కెట్లోకి వచ్చింది 1979లో. అప్పటికి జిమీ హెండ్రిక్స్ చనిపోయి తొమ్మిదేళ్లయింది. క్రీమ్ బృందం విడిపోయి పదేళ్లు దాటింది. లెడ్ జెప్పెలిన్ తన పనంతా దాదాపు ముగించేసింది. అంటే ఏ రికార్డులు విని మనం గిటార్ చేతపట్టామో, వాటిలో చాలావాటి దరిదాపుల్లోకి కూడా ఆ పెడల్ వెళ్లలేదు.

ట్యూబ్ స్క్రీమర్ మంచి పెడలే. దాని సంగతి కింద మాట్లాడుకుందాం. కానీ 'ఏ పెడల్?' అన్న ప్రశ్నకు పక్కన 'ఏ యాంప్‌లోకి?' అన్నది కూడా ఉంటేనే జవాబు దొరుకుతుంది. ఈ సంగతి తెలియక నేను మొదటి మూడేళ్లూ పెడల్ తర్వాత పెడల్ మార్చాను. నా దగ్గరున్నది 10 వాట్ల ట్రాన్సిస్టర్ ప్రాక్టీస్ యాంప్. ఏది పెట్టినా గొంతు మాత్రం అదే. పల్చగా, ఇసుక రాలుతున్నట్టు ఉండేది. ఒకరోజు స్నేహితుడి ఇంట్లో చిన్న వాల్వ్ యాంప్‌కి (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో పనిచేసేది) గిటార్ నేరుగా తగిలించి, వాల్యూమ్ ముప్పావు వంతు తిప్పాను. మధ్యలో ఒక్క పెడల్ కూడా లేదు. మూడేళ్లుగా వెతుకుతున్న సౌండ్ అక్కడ ఉంది.

జీర ఎక్కడ పుడుతుంది

ఊళ్లో పెళ్లికి కట్టే పాత మైకు సెట్ గుర్తు తెచ్చుకోండి. వాల్యూమ్ కొంతవరకు పెంచితే పాట పెద్దగా వినిపిస్తుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా పెరగదు, బొంగురుపోతుంది. ఏ ఆంప్లిఫయర్‌కైనా అది ఇవ్వగలిగిన వోల్టేజికి ఒక కప్పు ఉంటుంది. గిటార్ నుంచి వచ్చిన అల పెరిగి పెరిగి ఆ కప్పుకు తగిలితే దాని తల తెగిపోతుంది. తల తెగిన అలలో, మొదట లేని పై హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. డిస్టార్షన్, నేను జీర అంటున్నది, ఇదే.

అసలు తేడా అంతా ఆ తల ఎలా తెగుతుందన్న దాంట్లో ఉంది. వాల్వ్ యాంప్‌లో అల ఒక్కసారిగా తెగదు. ముందు కాస్త వంగుతుంది, గుండ్రబడుతుంది, ఇంకా తోస్తే అప్పుడు చదునవుతుంది. అందుకే మెల్లగా మీటితే శుభ్రంగా పలికే తీగ, గట్టిగా కొట్టేసరికి జీరగా పలుకుతుంది. ఈ రెండింటి మధ్యా ఎక్కడ గీత దాటామో చెప్పలేం. దీనికి తోడు, గట్టిగా కొట్టిన క్షణంలో యాంప్ లోపలి విద్యుత్ సరఫరా కొద్దిగా కుంగి మళ్లీ లేస్తుంది. దాంతో స్వరం ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. చివర్లో ఉండే పవర్ వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్‌లోని కాగితపు కోన్ కూడా తమ వంతు జీర కలుపుతాయి. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌లో మాత్రం ఆ కప్పు గట్టిది. అల తగిలిన చోట కత్తితో కోసినట్టు తెగుతుంది, చెవికి గరుకుగా తగులుతుంది.

1962లో లండన్ పశ్చిమాన హాన్‌వెల్‌లో సంగీత వాద్యాల దుకాణం నడిపే జిమ్ మార్షల్, తన దగ్గర పనిచేసే కుర్రాళ్లతో కలిసి జేటీఎం45 అనే యాంప్ తయారు చేయించాడు. సర్క్యూట్ దాదాపు అమెరికా వాళ్ల ఫెండర్ బాస్‌మన్‌దే. అమెరికా నుంచి వచ్చే యాంప్ ధర ఇంగ్లండ్ కుర్రాళ్లకు అందేది కాదు, స్థానికంగా చేస్తే అందుతుందన్నది ఆలోచన. నాలుగేళ్ల తర్వాత, 1966లో, ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బృందంతో రికార్డింగుకి వెళ్లినప్పుడు లెస్ పాల్ గిటార్‌ని మార్షల్ కాంబోకి (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) తగిలించి, స్టేజీ మీద ఎంత గట్టిగా వాయిస్తాడో స్టూడియోలోనూ అంత గట్టిగానే వాయిస్తానని పట్టుబట్టాడు. గిటార్ సౌండ్ తగ్గించమని అడగడం అలవాటైన ఇంజనీర్లకు అది కొత్త అనుభవం. ఆ రికార్డు విన్నవాళ్లందరికీ అదే సౌండ్ కావాలనిపించింది.

ఆ రోజుల్లో హాల్లోని పీఏ స్పీకర్లు ప్రధానంగా పాడేవాళ్ల మైకుల కోసమే. గిటార్ చివరి వరుసదాకా వినిపించాలంటే యాంపే మోయాలి. అందుకే 50 వాట్లు, 100 వాట్లు, పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు. వాల్యూమ్ చివరిదాకా తిప్పి వాయించారు. మనం క్లాసిక్ రాక్ సౌండ్ అనుకునేది చాలావరకు ఆ నిండా తిప్పిన యాంప్ చేసిన మోత. పెడల్ పని దానికి ఇంకాస్త ఊతం ఇవ్వడం.

తోసేవి, తామే అరిచేవి

ఇక్కడినుంచి పెడళ్లను రెండు రకాలుగా చూస్తే చిక్కు సగం విడిపోతుంది. కొన్ని పెడళ్లు సిగ్నల్‌ని పెంచి యాంప్‌ని తోస్తాయి. జీర యాంప్‌లోనే పుడుతుంది. మరికొన్ని లోపలే అలను తెంచి, తయారైన జీరను యాంప్‌కి పంపుతాయి.

తోసేవాటికి పెద్దక్క డాలస్ రేంజ్‌మాస్టర్. 1960ల మధ్యలో ఇంగ్లండ్‌లో వచ్చింది. దాన్ని పెడల్ అనడం కూడా కష్టం. యాంప్ మీద పెట్టుకునే చిన్న పెట్టె, ఒక నాబ్, ఒక స్విచ్. లోపల ఒకే ఒక్క జర్మేనియం ట్రాన్సిస్టర్. అది హెచ్చు స్వరాలను బాగా పెంచుతుంది, మంద్రాన్ని దాదాపు ఉన్నచోటే వదిలేస్తుంది. ఇలా ఎందుకని చాలామంది అడుగుతారు. వాల్యూమ్ నిండా పెట్టిన పాత యాంప్‌లోకి మంద్రం ఎక్కువగా వెళ్తే జీర బురదలా కలిసిపోతుంది, ఏ తీగ ఏమందో తెలియదు. తోసేముందే మంద్రాన్ని పల్చన చేస్తే జీర బిగువుగా, ముందుకు దూకినట్టు వస్తుంది. వాక్స్ ఏసీ30 యాంప్‌తో రోరీ గల్లహర్ వాడింది రేంజ్‌మాస్టరే. అదే యాంప్‌తో బ్రయన్ మే వాడింది ఆ జాతి ట్రెబుల్ బూస్టరే. బ్లాక్ సబ్బత్ టోనీ అయోమీ తన రేంజ్‌మాస్టర్‌ని మార్పించుకుని లేనీ యాంప్‌లోకి పెట్టాడు. మూడు గొంతులూ వేరువేరు. పెట్టె మాత్రం ఒకే జాతిది.

ఈ రకం పెట్టెను శుభ్రంగా పలుకుతున్న యాంప్‌కి తగిలిస్తే చెవులు చిల్లులు పడే కీచుదనం తప్ప ఏమీ రాదు. 'రివ్యూల్లో అంత పొగిడారు, నా దగ్గర ఇలా ఉందేమిటి' అని దిగులు పడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

రెండో రకంలో మొదటిది ఫజ్. అది పుట్టింది ఒక పాడైన పరికరం నుంచి. నాష్‌విల్‌లో ఒక కంట్రీ పాట రికార్డింగులో గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటార్, మిక్సింగ్ కన్సోల్‌లో చెడిపోయిన ఒక ఛానల్ గుండా వెళ్లి గుర్రుమంది. దాన్ని అలాగే ఉంచేశారు. 1961లో ఆ పాట హిట్టయింది. ఆ మోతను కావాలని పుట్టించే పెట్టెగా 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ వచ్చింది. బాకాల్లాంటి వాద్యాల ధ్వని గిటార్‌తో తెప్పించవచ్చని దాన్ని అమ్మారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫ్యాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ వాడాకే జనం ఎగబడ్డారు. అదే ఏడాది లండన్‌లో గ్యారీ హర్స్ట్ టోన్ బెండర్ చేశాడు. 1966లో ఆర్బిటర్ కంపెనీ ఫజ్ ఫేస్ తెచ్చింది. మైక్ స్టాండ్ అడుగు దిమ్మెలా గుండ్రటి డబ్బా, రెండు నాబులు, లోపల రెండు ట్రాన్సిస్టర్లు. హెండ్రిక్స్ పాదాల దగ్గర ఉండేది అదే.

ఫజ్ ఫేస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం ఒకటుంది. పెడల్ ఆన్‌లోనే ఉంచి గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని 10 నుంచి 6కో 7కో తగ్గించండి. మోత కరిగిపోయి, గాజుముక్క మెరిసినట్టు శుభ్రమైన స్వరం వస్తుంది. మళ్లీ 10కి తిప్పితే గర్జన. హెండ్రిక్స్ ఒకే పాటలో మృదువైన వరుస నుంచి గర్జనలోకి వెళ్లడంలో సగం పని చిటికెనవేలిది. ఈ గుణం ఎందుకొచ్చిందంటే, ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ చాలా తక్కువ ఇంపీడెన్స్‌ది, అంటే సిగ్నల్‌కి అది పెట్టే అడ్డు తక్కువ. గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి, రెండూ ఒకే సర్క్యూట్‌లా పనిచేస్తాయి. మధ్యలో బఫర్ (సిగ్నల్‌ని బలపరిచి ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న పెడల్ ఏదైనా వస్తే ఆ ముడి తెగుతుంది. సౌండ్ గరుకవుతుంది, వాల్యూమ్ నాబ్ మాట వినదు. అందుకే ఫజ్ వరుసలో మొదట, గిటార్ పక్కనే ఉండాలి. ట్యూనర్ పెడల్ అలవాటుగా అన్నిటికంటే ముందు పెట్టేవాళ్లు ఒకసారి దాన్ని ఫజ్ వెనక్కి జరిపి చూడండి.

మన ఎండలకు జర్మేనియం

పాత ఫజ్‌లలో వాడిన జర్మేనియం ట్రాన్సిస్టర్ అంటే కొనేవాళ్లకు గొప్ప మోజు. జర్మేనియం జీర మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ అది చల్లటి దేశంలో కుదుర్చుకున్న పని.

మే నెలలో విజయవాడలో ఒక డాబా మీద సాయంత్రం వాయించాల్సి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి సౌండ్ చెక్. అరగంట ఎండలో ఉన్న నా జర్మేనియం ఫజ్ డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. తీగ మీటితే, గొంతులో కఫం అడ్డుపడ్డట్టు స్వరం తెగితెగి వచ్చి, తోక లేకుండా ఆగిపోయింది. బ్యాటరీ మార్చాం, తీగలు మార్చాం, కేబుల్ మార్చాం. ఏమీ మారలేదు. చివరికి డబ్బాను మెట్ల గదిలో నీడకు చేర్చి, పక్కన చల్లటి నీళ్ల సీసా ఆనించి పెట్టాం. ఇరవై నిమిషాలకు దాని గొంతు దానికి వచ్చింది.

కారణం సూటిగా ఉంది. జర్మేనియం ట్రాన్సిస్టర్‌లో కోరని లీకేజీ కరెంటు ఎప్పుడూ కొంత పారుతూనే ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే అది సుమారు రెట్టింపవుతుంది. 20 డిగ్రీల గదిలో సరిచేసిన పెడల్‌ని 42 డిగ్రీల్లో పెడితే లీకేజీ నాలుగు రెట్లు దాటుతుంది, ట్రాన్సిస్టర్ బయస్ (అది సరిగ్గా పనిచేసేలా ముందే కుదిర్చిన కరెంటు స్థాయి) పక్కకు జారిపోతుంది. సిలికాన్‌కు ఈ బెడద దాదాపు లేదు. 1960లు ముగిసేనాటికి ఫజ్ ఫేస్‌లోనూ సిలికాన్ వచ్చేసింది. దాని జీర కాస్త పదునుగా, బిగ్గరగా ఉంటుంది. హెండ్రిక్స్ కూడా తర్వాతి రోజుల్లో దాన్నే వాడాడు. కాబట్టి మన ఊళ్లలో, ఏసీ లేని చోట వాయించేవాళ్లకు నేను చెప్పేది సిలికాన్ ఫజ్. జర్మేనియమే కావాలంటే పైన బయస్ నాబ్ ఉన్న రకం తీసుకోండి, వేడిని బట్టి సరిచేసుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. పాత పద్ధతి జర్మేనియం ఫజ్‌లలో చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది, అంటే సరఫరాలోని ప్లస్ వైపు గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. మిగతా పెడళ్లలో దాదాపు అన్నిటికీ నెగటివ్ గ్రౌండ్. అన్నిటినీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో కలిపితే సరఫరా షార్ట్ అవుతుంది. అలాంటి ఫజ్‌కి విడిగా 9 వోల్టుల బ్యాటరీ పెట్టడమే మేలు. అది లాగే కరెంటు చాలా తక్కువ, బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. వాయించనప్పుడు ఇన్‌పుట్ జాక్ తీసెయ్యడం మరిచిపోకండి.

మరి మీ యాంప్ ఏది?

వాల్వ్ యాంప్ ఉండి, దాన్ని అరిచేదాకా తిప్పే వీలుంటే మీ అదృష్టం. మీకు కావాల్సింది ట్రెబుల్ బూస్టరో, ఫజ్ ఫేసో, ఏదో ఒక మామూలు బూస్టరో. మిగతా జీర అంతా యాంప్ చూసుకుంటుంది. ఏసీ/డీసీ బృందపు గిటారిస్ట్ ఆంగస్ యంగ్ ముందు పెడళ్ల వరుసే లేదు. ఎస్‌జీ గిటార్, మార్షల్ యాంప్, మధ్యలో ఒక వైర్‌లెస్ సెట్. 1970ల చివరి నుంచి ఆయన వాడిన ఆ షాఫర్-వేగా వైర్‌లెస్ కూడా సిగ్నల్‌ని కొంచెం పెంచి, అదిమి యాంప్‌ని తోసేది. అది కూడా ఒక రకం పెడలే అనుకోవచ్చు.

కానీ ఎక్కువమందికి ఆ వీలు లేదు. అపార్ట్‌మెంట్‌లో 5 వాట్ల వాల్వ్ యాంప్ నిండా తిప్పినా పక్కింటివాళ్లు తలుపు తడతారు. వాట్లు సగానికి తగ్గిస్తే సౌండ్ సగం అవుతుందనుకోవడం పొరపాటు. 100 వాట్లు 50 అయితే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి సగం అనిపించాలంటే 10 వాట్లకు దిగాలి. అందుకని శుభ్రంగా పలికే యాంపో, ట్రాన్సిస్టర్ యాంపో, హెడ్‌ఫోనో ఉన్నవాళ్లు యాంప్ చేసే పనిని కూడా పెడల్‌కే అప్పగించాలి. మార్షల్ కంపెనీయే ఈ దారిలో 1988లో గవ్‌నర్ పెడల్, 1991లో బ్లూస్‌బ్రేకర్ పెడల్ తెచ్చింది. తర్వాత ఇతర కంపెనీలు మార్షల్‌నీ వాక్స్‌నీ అనుకరించే పెడళ్లు ఎన్నో చేశాయి. ప్రాక్టీస్ యాంప్ ఉన్న కుర్రాడికి మొదటి పెడల్‌గా నేను చెప్పేది ఈ జాతినే. దీన్ని రోజంతా ఆన్‌లో ఉంచి, అదే నా యాంప్ అనుకోవాలి. దానిముందు బూస్టరో ఫజ్జో పెడితే పాతకాలపు సరంజామా మొత్తం చిన్నపాటిగా మీ గదిలో ఉన్నట్టే.

శుభ్రమైన యాంప్‌లోకి నేరుగా ఫజ్ పెట్టి గొప్ప సౌండ్ తెచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. డేవిడ్ గిల్‌మర్ 1970ల చివర్లో బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్‌ని 100 వాట్ల హైవాట్ యాంప్‌లోకి పెట్టాడు. హైవాట్ చాలా గట్టిగా తిప్పినా శుభ్రంగానే ఉంటుంది. అయితే ఆ పెద్ద యాంప్ గాలిని కదిలించే తీరు వేరు. గదిలో తక్కువ సౌండ్‌కి అదే పెడల్ పల్చగా తోస్తుంది.

ఇప్పుడు ట్యూబ్ స్క్రీమర్. అది మంద్రాన్ని తగ్గించి, మధ్య స్వరాలను గూనిలా లేపి, పైవాటిని మెత్తబరుస్తుంది. మధ్య స్వరాలు గుంటపడినట్టు ఉండే ఫెండర్ జాతి యాంప్‌కి ఆ గూని సరిగ్గా అతుకుతుంది. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ చేతిలో అది వెలిగింది అందుకే. మార్షల్ జాతి యాంప్‌కి మధ్య స్వరాలు ముందే దండిగా ఉంటాయి. దానికి పెడితే డ్రైవ్ నాబ్ దాదాపు సున్నాలో, లెవెల్ నాబ్ పైన ఉంచండి. అప్పుడు అది తోసే పెట్టెగా మారి రేంజ్‌మాస్టర్‌కి చెల్లెలవుతుంది.

గెయిన్ తగ్గించండి

పెడల్ సరిగ్గా ఎంచుకున్నాక కూడా పాత రికార్డులా రాకపోవడానికి పెద్ద కారణం గెయిన్ (జీర ఎంత రావాలో తేల్చే నాబ్) ఎక్కువ పెట్టడం. రికార్డులో గిటార్ దట్టంగా వినిపించడం వెనక ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి ఎడమా కుడీ పెట్టడం, గది ప్రతిధ్వని, పక్కనున్న బాస్ గిటార్ ఉన్నాయి. ఒంటరిగా వింటే చాలా పాత గిటార్ ట్రాకుల్లో ఆశ్చర్యపడేంత తక్కువ జీర ఉంటుంది. పరీక్ష తేలిక. ఆరు తీగల E మేజర్ కార్డ్ ఒకసారి నిండుగా కొట్టండి. లోపలి తీగలు విడివిడిగా వినిపించాలి. ముద్దయితే గెయిన్ ఒక పావు వంతు తగ్గించి, ఆ మేరకు కుడిచేతిని గట్టిగా వెయ్యండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. తక్కువ సౌండ్‌లో మన చెవికి మంద్రం, హెచ్చు స్వరాలు తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రిపూట గదిలో మెల్లగా పెట్టి కుదుర్చుకున్న టోన్, మర్నాడు బ్యాండ్‌తో గట్టిగా వాయిస్తే మంద్రం పొంగి, హెచ్చు గుచ్చుకునేది అందుకే. కుదుర్చుకోవడం బ్యాండ్ సౌండ్‌లోనే చెయ్యాలి.

మిగతా పెడళ్లు మసాలా లాంటివి, క్లుప్తంగా చెబుతాను. కాలితో ఊపితే స్వరం 'వా' అన్నట్టు పలికే వా పెడల్ 1960ల రెండో సగంలో వచ్చింది. ఫజ్‌కి ముందు పెట్టడం హెండ్రిక్స్ పద్ధతి. కొన్ని జతల్లో కీచుమంటుంది, అప్పుడు క్రమం మార్చి చూడండి. జపాన్‌లో షిన్-ఐ కంపెనీ చేసిన యూని-వైబ్‌లో ఒక చిన్న బల్బు వెలిగి ఆరుతుంటే చుట్టూ ఉన్న నాలుగు ఫొటోసెల్స్ స్వరాన్ని అలల్లా ఊపుతాయి. 1969 వుడ్‌స్టాక్‌లో హెండ్రిక్స్ వాడాడు. ఎమ్‌ఎక్స్‌ఆర్ ఫేజ్ 90కి ఒకే నాబ్. 1978లో వాన్ హేలెన్ తొలి ఆల్బమ్‌తో అందరికీ తెలిసింది. ప్రతిధ్వని కోసం అప్పట్లో ఎకోప్లెక్స్ వంటి టేపు యంత్రాలు ఉండేవి. ప్రతిధ్వని తిరిగొచ్చిన ప్రతిసారీ టేపు మీద స్వరం కొంచెం మసకబారేది. మీ డిజిటల్ డిలే (ప్రతిధ్వని పెడల్)లో టోన్ నాబ్ ఉంటే తగ్గించండి, సగం దూరం అక్కడే వెళ్తారు. వీటిలో ఏదీ మొదటి పెడల్‌గా కొనకండి.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ గిటార్ వెంట తీసుకెళ్లండి. దుకాణంలో ఖరీదైన వాల్వ్ యాంప్‌కి తగిలించి వినిపిస్తామంటే వద్దని, మీ ఇంట్లో ఉన్న రకం యాంప్ అడగండి. పెడల్‌లో గెయిన్ సగానికి పెట్టి, ఒకే కార్డ్ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టండి. తర్వాత గిటార్ వాల్యూమ్ 10 నుంచి 5కి దించండి. చేతి బరువుకూ నాబ్‌కూ స్వరం మారితే ఇంటికి తెచ్చుకోండి. ఎలా కొట్టినా ఒకటే మోత వస్తే కౌంటర్ మీదే వదిలేసి రండి.